మాచియా విడిది ఇళ్ళు (క్యోటో)

మాచియా విడిది ఇల్లు అనగా జపాన్ దేశంలోని క్యోటో నగరంలో పూర్వం వర్తకులు, చేతిపనివారు నివసించిన సంప్రదాయ కొయ్య ఇంటిని బాగుచేసి, యాత్రికులకు కొద్ది రోజులపాటు అద్దెకు ఇచ్చే వసతి. జపాన్ భాషలో "మాచి" అనగా పట్టణం లేదా పేట, "యా" అనగా ఇల్లు. హోటలులో వలె ఒక గది కాక, ఇక్కడ ఇల్లు మొత్తం అతిథి స్వాధీనంలో ఉంటుంది. వీధి తలుపు తాళం, వంటగది, స్నానాల గది, పెరటి తోట అన్నీ ఆ కొన్ని రోజులు అతనివే. ఈ విధానం 2000ల దశకంలో మొదలై, 2010ల దశకంలో వేగంగా విస్తరించింది. శిథిలమవుతున్న పాత ఇళ్ళను నిలబెట్టినదన్న పేరు, పేటలలోని ఇరుగుపొరుగు జీవనాన్ని చెదరగొట్టినదన్న నింద రెండూ దీనికి ఉన్నవి.

నేపథ్యం

క్యోటో నగరం సా.శ. 794 నుండి 19వ శతాబ్దంలో టోక్యోకు ప్రాధాన్యం మారేవరకు జపాన్ చక్రవర్తుల రాజధాని. చైనాలోని చాంగ్-ఆన్ నగరం నమూనాలో, వీధులు ఒకదానికొకటి లంబంగా ఉండేటట్లు దీనిని నిర్మించారు. ఈ వీధుల వెంబడి పట్టు నేతగాళ్ళు, అద్దకంవారు, బియ్యం వర్తకులు, మద్యం కాచేవారు కట్టుకున్న ఇళ్ళే మాచియాలు. ముందు భాగంలో దుకాణం, వెనుక భాగంలో నివాసం ఉండటం వీటి ముఖ్య లక్షణం.

కొయ్య, మట్టి, కాగితం, గడ్డి ఈ ఇళ్ళకు ప్రధాన సామగ్రి. అందువలన అగ్నిప్రమాదాలు క్యోటో చరిత్రలో తరచుగా కనబడతాయి. 1788లోను, 1864లోను సంభవించిన అగ్నిప్రమాదాలలో నగరంలో చాలా భాగం దగ్ధమయింది. కావున నేడు మనకు కనిపించే మాచియాలలో అత్యధికం 1864 తరువాత కట్టినవే. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ లోని పెద్ద నగరాలు చాలావరకు బాంబు దాడులలో కాలిపోగా, క్యోటో భారీ దాడులకు గురికాలేదు. ఈ కారణంగానే ఇంతటి నగరం నడిబొడ్డున ఇన్ని కొయ్య ఇళ్ళు మిగిలినవి. 1950లో వచ్చిన భవన నిర్మాణ ప్రమాణాల చట్టానికి పూర్వం సంప్రదాయ పద్ధతిలో కట్టిన పట్టణ గృహాలను నగర పాలక సంస్థ "క్యో-మాచియా"లుగా గుర్తిస్తుంది.

ఇంటి నిర్మాణం

మాచియాకు వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. ఈ ఆకారాన్ని బట్టి స్థానికులు దీనిని "ఉనాగి నో నెదోకో" అంటారు. "మలుగుపాము పడక" అని దీని అర్థం. వీధి ముఖం వెడల్పును బట్టి పన్ను విధించేవారు గనుక ఇళ్ళు ఇలా ఇరుకుగా పెరిగినవని పలువురు చెబుతారు. వ్యాపారానికి వీధి ముఖం అందరికీ కావలసి ఉండటం కూడా ఇందుకు కారణమని చెప్పవచ్చును.

ఇంటిలోని ముఖ్య భాగాలు ఇవి.

గెంకాన్: ప్రవేశ ద్వారం లోపల, ఇంటి నేలకంటె పల్లంగా ఉండే భాగం. పాదరక్షలు ఇక్కడే విడవవలెను.

తోరినివా: వీధి నుండి పెరటి వరకు ఇంటి ఒక ప్రక్కగా సాగే మట్టి నేల నడవ. వంటపొయ్యి, నుయ్యి దీనిలోనే ఉండేవి.

హిబుకురో: వంట చేసే చోట పైకప్పు వరకు తెరచి ఉంచిన ఎత్తైన ఖాళీ. పొగ, నిప్పురవ్వలు పైకి పోవుటకు ఇది ఉపయోగపడేది. దీని పేరుకు "నిప్పు సంచి" అని అర్థం.

త్సుబోనివా: గదుల నడుమ విడిచిన చిన్న తోట. గాలి, వెలుతురు ఇంటి మధ్యకు చేరే మార్గం ఇదే. మన మండువా లోగిలిలో నడిమి వాకిలి చేసే పనినే ఇది చేస్తుంది. అయితే ఇది మనుషులు మసలే చోటు కాదు, చూచుటకు మాత్రమే.

కురా: పెరటి చివర మందపాటి మట్టి గోడలతో కట్టిన సామాను కొట్టు. నిప్పుకు తట్టుకొనుటకు దీనిని ఇంటికి దూరంగా కట్టేవారు.

వీధివైపు కిటికీలకు "కోషి" అనే కొయ్య జాలకం ఉంటుంది. లోపలివారికి వీధి కనబడును గాని, వీధిలోనివారికి లోపల కనబడదు. నూలు వర్తకులకు ఒక విధం, బియ్యం వర్తకులకు ఒక విధం, మద్యం వర్తకులకు మరొక విధం చొప్పున జాలకాలు వేరువేరుగా ఉండేవి గనుక, జాలకాన్ని చూచి ఆ ఇంటి వృత్తిని చెప్పగలిగేవారు. ఈ జాలకాలకు పూసే ఎర్రని ఇనుప ఆక్సైడు రంగును "బెంగారా" అంటారు. ఈ మాట మన బెంగాల్ పేరు నుండి వచ్చినది. మేడ తక్కువ ఎత్తుగా ఉన్న పాత ఇళ్ళకు "ముషికో మాడో" అనే సున్నపు కమ్ముల కిటికీలు ఉంటాయి; పురుగుల పంజరాన్ని పోలి ఉండుటచేత వాటికి ఆ పేరు వచ్చింది. వీధివైపు కప్పు మీద దుష్టశక్తులను తరిమే "షోకి" యొక్క చిన్న మట్టి బొమ్మను నిలుపుట ఆచారం.

క్షీణత, విడిది ఇళ్ళ ఆరంభం

నగర పాలక సంస్థ 2008-10 మధ్య జరిపిన సర్వేలో సుమారు 47,700 మాచియాలు లెక్కకు వచ్చినవి. 2016-17 నాటి సర్వేలో అవి సుమారు 40,100కు తగ్గినవి. అనగా రోజుకు రెండు ఇళ్ళకు పైగా కనుమరుగైనవన్నమాట. మిగిలినవాటిలో దాదాపు ఏడింటికి ఒకటి ఖాళీగా ఉన్నది.

ఇందుకు కారణాలు పలు విధాలు. నడి నగరంలో స్థలం ధర అధికం కావడంతో, యజమాని మరణించినపుడు వారసులపై పడే పన్ను కూడా అధికం. ఇంటిని పడగొట్టి స్థలాన్ని అమ్మడం వారికి సులభమార్గంగా తోచింది. 1950 నాటి చట్టానికి పూర్వం కట్టిన ఇల్లు గనుక పెద్ద మార్పులు చేయబూనితే కొత్త నిబంధనలు అడ్డు వస్తాయి. పాత పద్ధతి తెలిసిన వడ్రంగులు, మట్టి గోడల పనివారు తగ్గిపోయారు. శీతకాలంలో ఈ ఇళ్ళు మిక్కిలి చల్లగా ఉండుట వలన యువతరం వీటిలో నివసించుటకు ఇష్టపడలేదు.

ఈ పరిస్థితులలో పాత ఇంటికి కొత్త ఆదాయం చూపిన మార్గాలలో విడిది ఒకటి. జపాన్ లో దీర్ఘకాలం నివసించిన అమెరికన్ రచయిత అలెక్స్ కెర్ 2004లో "ఇయోరి" అనే సంస్థను స్థాపించి, క్యోటోలోని కొన్ని మాచియాలను బాగుచేయించి యాత్రికులకు అద్దెకిచ్చే పద్ధతిని ఆరంభించారు. బయటి రూపాన్ని, గదుల అమరికను మార్చకుండా స్నానాల గది, మరుగుదొడ్డి, వేడి చల్లని యంత్రాలు మాత్రం నేటి కాలానికి తగినట్లు అమర్చుట వారి పద్ధతి. తరువాత అనేక సంస్థలు, ఇంటి యజమానులు ఈ బాటలో నడిచారు. 2012లో నగర పాలక సంస్థ, మాచియా మొత్తాన్ని అద్దెకిచ్చే పక్షంలో లాడ్జీలకు తప్పనిసరియైన స్వాగత బల్ల నిబంధనను సడలించింది. దీనితో వీటి సంఖ్య బాగా పెరిగింది.

చట్టాలు

క్యోటోలో యాత్రికులకు ఇల్లు అద్దెకివ్వడానికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది 1948 నాటి వసతి గృహాల చట్టం క్రింద అనుమతి పొందుట. ఇట్టి ఇంటిని ఏడాది పొడవునా అద్దెకివ్వవచ్చును. రెండవది 2018 జూన్ 15 నుండి అమలులోనికి వచ్చిన నివాస గృహాల బస చట్టం క్రింద నమోదు చేసుకొనుట. దీని క్రింద ఏడాదికి 180 రోజులకు మించి అతిథులను ఉంచరాదు. ఈ చట్టం అమలుకు ముందు దేశమంతటా నమోదు సంఖ్య లేని వేలాది ఇళ్ళను ఎయిర్‌బిఎన్‌బి తన జాబితా నుండి తొలగించింది.

క్యోటో నగరం తన స్వంత శాసనంతో ఈ నియమాలను మరింత బిగించింది. నివాసానికే కేటాయించిన ప్రాంతాలలో రెండవ మార్గం క్రింద జనవరి మధ్య నుండి మార్చి మధ్య వరకు, అనగా యాత్రికులు తక్కువగా వచ్చే సుమారు 60 రోజులు మాత్రమే అనుమతి ఉంటుంది. యజమాని అదే ఇంట్లో నివసించే సందర్భాలకు, షరతులకు లోబడి మాచియాలకు మినహాయింపు కలదు. అతిథులు ఉన్నంతకాలం ఇంటి బాధ్యుడు పది నిమిషాలలో అక్కడికి చేరుకోగల దూరంలో ఉండవలెను. ఇంటి ముందు అనుమతి వివరాలు, బాధ్యుని ఫోను నంబరు తెలిపే పలక ఉంచవలెను. ఈ పలక అతిథి కన్నా ఇరుగుపొరుగువారికే ఎక్కువ ఉపయోగం. ఇల్లు తీసుకొనే యాత్రికులు కూడా అనుమతి సంఖ్య ఉన్నదో లేదో ముందుగా చూచుకొనుట మంచిది.

2017లో నగర పాలక సంస్థ మాచియాల సంరక్షణకు ప్రత్యేక శాసనం చేసింది. దీని ప్రకారం గుర్తింపు పొందిన మాచియాను పడగొట్టదలచిన యజమాని ఒక సంవత్సరం ముందుగా తెలియజేయవలెను. ఈ గడువులో ఆ ఇంటిని కొనేవారిని గాని, అద్దెకు తీసుకొనేవారిని గాని వెదకుట దీని ఉద్దేశం. పడగొట్టుటను పూర్తిగా నిషేధించలేదు.

బస పన్ను

క్యోటోలో బస చేసే ప్రతి వ్యక్తి నుండి రాత్రికి ఇంత చొప్పున పన్ను వసూలు చేయుట 2018 అక్టోబరు 1న మొదలయింది. ఒక మనిషికి పడే అద్దెను బట్టి 200, 500, 1,000 యెన్‌లుగా దీనిని నిర్ణయించారు. 2026 మార్చి 1 నుండి రేట్లు ఇట్లు మారినవి.

6,000 యెన్‌ల లోపు అద్దెకు: 200 యెన్‌లు
6,000 నుండి 20,000 లోపు: 400 యెన్‌లు
20,000 నుండి 50,000 లోపు: 1,000 యెన్‌లు
50,000 నుండి 1,00,000 లోపు: 4,000 యెన్‌లు
1,00,000 యెన్‌లు, అంతకు పైన: 10,000 యెన్‌లు

ఉదాహరణకు నలుగురు సభ్యుల కుటుంబం రాత్రికి 60,000 యెన్‌ల అద్దెతో ఒక మాచియాను తీసుకొన్నదనుకొందాం. మనిషికి పడే అద్దె 15,000 యెన్‌లు. కాబట్టి మనిషికి 400 చొప్పున రాత్రికి 1,600 యెన్‌ల పన్ను చెల్లించవలెను. పాత రేటు ప్రకారం ఇది 800 యెన్‌లు ఉండేది.

బస చేసే విధానం

చేరిక: సాధారణంగా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల నుండి ఇల్లు అప్పగిస్తారు, మరునాడు లేదా గడువు నాడు ఉదయం పది, పదకొండు గంటలకు ఖాళీ చేయవలెను. అతిథుల పేరు, చిరునామా పుస్తకంలో వ్రాసుకొనుట చట్టరీత్యా తప్పనిసరి. జపాన్ లో నివాసం లేని విదేశీయులు పాస్‌పోర్టు చూపవలెను. కొన్ని సంస్థలకు నగరంలో వేరే కార్యాలయం ఉంటుంది. అక్కడ వివరాలు ఇచ్చిన తరువాతనే తాళం ఇస్తారు.

నేల: గదులలో "తతామి" అనే చాపలు పరచి ఉంటాయి. ఇవి వరిగడ్డి దిండుపై తుంగజాతి గడ్డితో నేసినవి. క్యోటో కొలత ప్రకారం ఒక చాప సుమారు 191 సెం.మీ. పొడవు, 95.5 సెం.మీ. వెడల్పు ఉంటుంది. టోక్యో ప్రాంతపు చాప సుమారు 176 × 88 సెం.మీ. మాత్రమే. అందుచేత "ఆరు చాపల గది" అన్నపుడు క్యోటోలో కొంత విశాలంగా ఉంటుంది. చాపల మీద చెప్పులే కాదు, ఇంట్లో తొడుగుకొనే స్లిప్పర్లు కూడా వాడరాదు. చక్రాల పెట్టెలను వాటిపై ఈడ్చరాదు. గోడలో కొంచెం ఎత్తుగా, చిత్రపటం లేక పూలు ఉంచిన గూడును "తోకోనోమా" అంటారు. అది ఇంటిలో గౌరవ స్థానం. దానిపై కూర్చొనుట, సామాను పెట్టుట తగదు.

తలుపులు: "షోజి" అనునది వెలుతురు ప్రసరించే కాగితపు తలుపు. "ఫుసుమా" అనునది దళసరి కాగితం అతికిన, గదులను విడదీసే జారుడు తలుపు. రెండూ వేలు తగిలితే చిరిగేవే. పసిపిల్లలున్న కుటుంబాలు ఈ సంగతి గమనించవలెను. గదికి గదికి మధ్య గోడ లేనందున మాటలు వినబడుట సహజం.

పడక: రాత్రి చాపలపై "ఫుతోన్" అనే పరుపు పరచుకొని, ఉదయం మడిచి అలమరలో పెట్టుట సంప్రదాయం. నేలపై కూర్చొని లేవలేని వృద్ధులకు ఇది కష్టం. మేడ మెట్లు నిచ్చెన వలె నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు మంచాలు, క్రింది అంతస్తులో పడకగది ఉన్న ఇంటిని ఎంచుకొనుట మేలు.

స్నానం: తొట్టి బయట సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, ఆ తరువాత వేడినీటి తొట్టిలో కూర్చొనవలెను. ఇంటిల్లిపాదీ వరుసగా అదే నీటిని వాడుతారు గనుక తొట్టిలో సబ్బు వాడరాదు. మరుగుదొడ్డిలో వేరుగా ఉంచిన చెప్పులు అక్కడే విడవవలెను.

చెత్త: క్యోటోలో 2006 నుండి గృహస్థులు నగరపాలక సంస్థ నిర్ణయించిన సంచులను కొని, వాటిలోనే చెత్త వేయవలసి ఉన్నది. కాలే చెత్తకు పసుపు సంచి, డబ్బాలు, సీసాలు, ప్లాస్టిక్ వంటివాటికి పారదర్శక సంచి వాడుతారు. అయితే విడిది ఇంటి చెత్త వ్యాపార వ్యర్థం క్రిందికి వస్తుంది. కావున అతిథి దానిని వేరుచేసి ఇంటిలోనే ఉంచవలెను గాని, పొరుగువారు పెట్టే చోట పెట్టరాదు. ఇరుగుపొరుగు ఫిర్యాదులలో చెత్త ఒకటి. రాత్రివేళ వీధిలో చక్రాల పెట్టెల చప్పుడు, గుమ్మం ముందు మాటలు మరికొన్ని.

భారతీయ యాత్రికులకు

శాకాహారులకు వంటగది గల ఇల్లు ఎంతో సౌకర్యం. జపాన్ వంటలలో విరివిగా వాడే "దాషి" అనే చారునీటిలో సాధారణంగా ఎండుచేప కలుస్తుంది. చూపునకు కూరగాయల పులుసు వలె ఉన్నవాటిలో కూడా ఇది ఉండవచ్చును. బౌద్ధ మఠాల "షోజిన్ ర్యోరి" భోజనం మాత్రం పూర్తి శాకాహారం. సుమారు 390 మీటర్ల పొడవుగల నిషికి అంగడిలో కూరగాయలు, సోయా పనీరు, ఊరగాయలు లభిస్తాయి. బియ్యం పొట్టిగింజ రకం. అన్నం అంటుకొనే గుణం కలది. నూనెలో వేపుళ్ళు, ఘాటైన తాలింపులు చేసేటపుడు పొగ ఎక్కువ కాకుండా చూచుకొనవలెను. కాగితపు తలుపులు, చాపలు వాసనను పట్టి ఉంచుతాయి.

జపాన్ లో విద్యుత్తు 100 వోల్టులు. మన దేశంలో 230 వోల్టులు. సెల్ ఫోను ఛార్జర్లు రెండింటికీ పనిచేస్తాయి గాని, మన నీళ్ళ హీటరు, మిక్సీ అక్కడ సరిగా పనిచేయవు. ప్లగ్గు రెండు బల్లపరుపు పుల్లలతో ఉంటుంది. పోలీసులకు 110, అగ్నిమాపక దళానికి, అంబులెన్సుకు 119 ఫోను నంబర్లు.

ఇంటిలో సాంబ్రాణి, హారతి, దీపం వెలిగించదలచినవారు ముందుగా యజమాని అనుమతి పొందవలెను. పలు ఇళ్ళలో నిప్పు నిషిద్ధం. క్యోటో పాత వీధులలో ఇళ్ళ ముందు నీళ్ళు నింపిన ఎర్ర బకెట్లు నేటికీ కనబడతాయి. అవి అలంకారం కావు. నిప్పు అంటుకొంటే మొదట చల్లుటకు ఉంచినవి.

ఋతువులు

ఈ ఇళ్ళను వేసవిని దృష్టిలో ఉంచుకొని కట్టారు. జూన్ నెలలో కాగితపు తలుపులను తీసి, గాలి ఆడే రెల్లు తలుపులను అమర్చుట, చాపలపై పేముతో అల్లిన చల్లని పరుపు వేయుట సంప్రదాయం. జూలై నెల అంతా గియోన్ ఉత్సవం జరుగును. ఆ రోజులలో కొన్ని పాత వర్తక గృహాలవారు తమ వంశపారంపర్యపు చిత్రాల తెరలను వీధివారికి కనబడేటట్లు ప్రదర్శిస్తారు. ఆగస్టు 16 రాత్రి నగరం చుట్టూ ఉన్న ఐదు కొండలపై పితృదేవతలను సాగనంపుతూ పెద్ద మంటలు వెలిగిస్తారు. శీతకాలంలో నేల నుండి పాకే చలిని క్యోటోవారు "సోకోబియే" అంటారు. డిసెంబరు, జనవరి నెలలలో వెళ్ళేవారు నేల వెచ్చదనపు ఏర్పాటు ఉన్న ఇంటిని ఎంచుకొనుట మంచిది. చెర్రీ పూలు పూచే ఏప్రిల్ ఆరంభంలోను, మేపుల్ ఆకులు ఎరుపెక్కే నవంబరులోను ఇళ్ళు దొరకుట కష్టం, అద్దెలు హెచ్చు.

పేట జీవనంపై ప్రభావం

క్యోటోలో ప్రతి పేటకు ఒక సంఘం ఉంటుంది. చెత్త పెట్టే చోటు శుభ్రత, అగ్నిప్రమాదాల నుండి జాగ్రత్త, ఆగస్టు నెలలో పిల్లల కొరకు జరిపే జిజో పూజ మొదలైనవి ఈ సంఘాలే చూస్తాయి. ఉదయాన ఇంటి ముంగిలి ఊడ్చి నీళ్ళు చల్లుట ప్రతి గృహస్థు బాధ్యత. మన పల్లెలలో కళ్ళాపి చల్లుట వంటిదే ఇది. ఊడ్చేటపుడు పొరుగువారి ముంగిలిని కూడా కొద్దిగా ఊడ్చుట మర్యాద. మరీ ఎక్కువగా ఊడిస్తే వారిని తప్పుపట్టినట్లగును.

ఒక వీధిలో ఒకటి రెండు ఇళ్ళు విడిదులుగా మారితే ఈ ఏర్పాటు నిలుస్తుంది. నాలుగైదు ఇళ్ళు మారినపుడు ముంగిలి ఊడ్చేవారు, సంఘానికి చందా ఇచ్చేవారు, పూజకు పిల్లలను పంపేవారు తగ్గిపోతారు. అద్దెలు పెరిగి యువ కుటుంబాలు పొరుగు పట్టణాలకు తరలిపోతున్నవన్న ఆందోళన కూడా నగరంలో ఉన్నది. ఇల్లు నిలిచినను, ఇల్లున్న వీధి ఖాళీ అయితే సంరక్షించినది ఏమిటని విమర్శకులు ప్రశ్నిస్తారు. విడిదిగా మారకుంటే ఆ ఇల్లు ఈపాటికి కారులు నిలిపే ఖాళీ స్థలంగా మిగిలి ఉండేదని సమర్థకులు బదులిస్తారు. రెండు వాదాలకూ నగరంలో నిదర్శనాలు చూపవచ్చును.

యాత్రికుల రద్దీ వలన ఇతర చర్యలు కూడా తీసుకొనబడినవి. గైషాలు నడిచే గియోన్ ప్రాంతంలోని ప్రైవేటు సందులలో ఫోటోలు తీయరాదని 2019లో స్థానికులు పలకలు పెట్టారు. 2024లో కొన్ని సందులలోనికి యాత్రికుల ప్రవేశాన్నే నిలిపివేశారు. కోవిడ్ కారణంగా 2020 నుండి సరిహద్దులు మూసివేయబడినపుడు అనేక విడిది ఇళ్ళు మూతపడినవి. 2022 అక్టోబరులో వ్యక్తిగత యాత్రికులకు అనుమతి లభించిన తరువాత వ్యాపారం తిరిగి పుంజుకొన్నది.

కొన్ని విడిది సంస్థలు పేట సంఘంలో సభ్యత్వం తీసుకొని, చందా చెల్లించి, తమ పనివారిచే ముంగిలి ఊడ్పించుచున్నవి. అతిథి వైపు నుండి చేయగలిగినది స్వల్పమే: రాత్రివేళ వీధిలో మెల్లగా మాట్లాడుట, సందు మొదటి నుండి పెట్టెను ఎత్తి తెచ్చుకొనుట, ఎదురైన పొరుగువారికి తల వంచి నమస్కరించుట.

ఇవి కూడా చూడండి

క్యోటో
జపాన్ వాస్తుకళ
తతామి
గియోన్ ఉత్సవం
మండువా లోగిలి